మంచు పడని ఊళ్లో మంచుకాటు

సూరత్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. చలికాలంలోనూ 10 డిగ్రీల కిందికి దిగడం అరుదు. తాపీ నది ఒడ్డున, అరేబియా సముద్రపు ఉప్పుగాలి తగిలే ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు మంచుగడ్డను ఫ్రిజ్‌లోనో, బరఫ్ గోలా బండి మీదో తప్ప చూడరు. అలాంటి చోట ఒక మనిషి వేళ్లు సియాచిన్‌లో కాపలా కాసే సిపాయి వేళ్లలాగా తెల్లబడి, కొయ్యబారి, కొన్నాళ్లకు నల్లబడతాయంటే నమ్మబుద్ధి కాదు. కాని జరుగుతుంది. దానికి హిమాలయాలు అక్కర్లేదు. తలకిందులైన గ్యాస్ సిలిండరు ఒకటి, అరిగిపోయిన రబ్బరు వాషరు ఒకటి, కొన్ని సెకన్లు చాలు.

సూరత్ మనకు పరాయి ఊరేమీ కాదు. భివండీ, షోలాపూర్‌లాగే అదీ మన నేతన్నల వలస బాటలో ఒక మజిలీ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే అక్కడికి చేరి లింబాయత్, ఉధ్నా చుట్టుపక్కల స్థిరపడ్డాయి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు విన్నవాళ్లకు అక్కడి మరమగ్గాల మోత కొత్తగా ఉండదు. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పన్నెండు గంటల పని ముగించుకుని గదికొచ్చి, చిన్న సిలిండరు మీద అన్నం వండుకునే కుర్రాడు తెలుగువాడైనా, ఒడియావాడైనా, బిహారువాడైనా ఈ అధ్యాయం అతని గురించే.

ఊరికి పడమట, తాపీ సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. ముంబై తీరానికి దూరంగా సముద్రం అడుగున ఉన్న బస్సెయిన్ క్షేత్రపు వాయువు గొట్టంలో వచ్చి ఒడ్డెక్కేది ఇక్కడే. 1980ల మధ్య నుంచి ఇక్కడి ఓఎన్‌జీసీ ప్లాంటులో ఆ వాయువును శుద్ధి చేసి, అందులోంచి వంటగ్యాసును వేరు చేస్తున్నారు. మిగిలినదాన్ని ఉత్తరాదికి చేరవేసే గొట్టం పేరులోనే ఈ ఊరుంది: హజీరా-విజయపూర్-జగదీశ్‌పూర్. 2005లో అదే హజీరాలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ మొదలైంది. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా మారిన సహజవాయువు అక్కడికి ఓడల్లో వస్తుంది. ఏడాదికి 50 లక్షల టన్నులు దించుకోగల టెర్మినల్ అది. మంచు ఎరగని ఊరి ముంగిట్లోనే అంత చలి తొట్లలో నిండి ఉందన్నమాట.

గ్యాసు అనగానే మనకు గుర్తొచ్చేది నిప్పు. 2020 సెప్టెంబర్ 24 తెల్లవారుజామున హజీరా ఓఎన్‌జీసీ ప్లాంటులో పేలుళ్లతో మంటలు లేచినప్పుడు దేశమంతా టీవీల్లో చూసింది. మనవైపు 1997 సెప్టెంబర్ 14న విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాసు లీకై అంటుకుని సుమారు 60 మంది ప్రాణాలు పోయాయి. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊరు గెయిల్ గొట్టం పగిలి కాలిపోయింది. వీటిని మరిచిపోకూడదు. వాసన లేని వంటగ్యాసుకు ఇథైల్ మెర్కాప్టాన్ కలిపి ఆ కుళ్లు కంపు తెప్పించేది కూడా నిప్పు భయంతోనే. అయితే ఆ భయం ఎంత పెద్దదంటే, అదే గ్యాసు నిప్పు రవ్వ లేకుండా కూడా ఒంటిని పాడు చేయగలదన్న సంగతి దాని చాటున ఉండిపోయింది. పేలుడు పేపర్లో వస్తుంది. మొద్దుబారిన రెండు వేళ్లు రావు.

నిప్పు లేకుండా గ్యాసు ఎలా కాలుస్తుంది? జవాబు మన ఇంట్లో కొత్త కుండ దగ్గరుంది. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల్లోంచి నీరు పైకి ఊరి ఆవిరవుతుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది లోపలి నీటి నుంచి లాక్కుంటుంది, అందుకే నీరు చల్లబడుతుంది. ఇంజెక్షనుకు ముందు నర్సు స్పిరిట్ దూదితో తుడిచినప్పుడు చర్మం జిల్లుమనేదీ అందుకే. సిలిండరులో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ అది తెగించి జరుగుతుంది.

సిలిండరులో ఉన్నదాన్ని గ్యాసు అంటున్నాం గాని, అది చాలావరకు ద్రవం. కుదిపితే లోపల కదలిక తెలుస్తుంది. మన వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగినట్టు, బయటి గాలి ఒత్తిడిలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మామూలు బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతుంది. సూరత్ ఎండలో ఈ రెండూ ద్రవంగా ఉన్నాయంటే ఉక్కు గోడల మధ్య ఒత్తిడి వాటిని అదిమి ఉంచబట్టే. మూత తెరుచుకుని ద్రవం బయటపడితే ఆ అదుపు పోతుంది, వెంటనే మరగడం మొదలవుతుంది. లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల ఆవిరిగా ఉబ్బుతుంది. అందుకు కావలసిన వేడిని మొదట తనలోంచే తీసుకుని గడ్డకట్టే చలికి దిగిపోతుంది. ఆ తర్వాత దేనికి తగిలితే దాని నుంచి లాగుతుంది. గాలి నుంచి, వాల్వు ఇత్తడి నుంచి, దాన్ని పట్టుకున్న చేతి నుంచి.

ఎంత లాగుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల చల్లటి ద్రవ గ్యాసు మూడు గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. గ్రాము ఆవిరి కావడానికి సుమారు 400 జౌళ్ల వేడి కావాలి. మొత్తం పదకొండు వందల జౌళ్ల పైచిలుకు. ఇక మన చర్మం సంగతి. 32 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మాంసాన్ని సున్నాకు దించి, అందులోని నీటిని గడ్డకట్టించడానికి సుమారు 350 జౌళ్లు తీసెయ్యాలి. అంటే ఆ టీస్పూను ద్రవం తన వేడంతా చేతి నుంచే లాగితే మూడు గ్రాముల మాంసం గడ్డ కడుతుంది. చిటికెన వేలి కొస బరువు అంతకు ఎంతో దూరంలో ఉండదు. నిజానికి చాలా వేడి గాలి నుంచి, బట్టల నుంచి వస్తుంది కాబట్టి దెబ్బ ఇంతకన్నా తక్కువే. కాని బయటికి చిమ్మేది ఒక టీస్పూనుతో ఆగదు కదా.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ప్రయోగశాలల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిని అరచేతి మీద క్షణం పాటు దొర్లించి చూపిస్తారు, ఏమీ కాదు గదా అని. దానికి కారణముంది. కాగిన పెనం మీద నీటిచుక్క తన కింద తనే ఆవిరి పరుపు వేసుకుని చిందులు తొక్కుతుంది. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ దీన్ని వర్ణించాడు. నత్రజని చుక్కకు మన చెయ్యే కాగిన పెనం. రెండింటి మధ్య తేడా 220 డిగ్రీల పైనే. వంటగ్యాసుకు, చర్మానికి మధ్య తేడా అందులో మూడో వంతు. అంత తక్కువ తేడాలో ఆవిరి పరుపును నమ్ముకోలేం. పైగా ఇది నూనె జాతి ద్రవం, గుడ్డలోకి ఇట్టే ఇంకుతుంది. నూలు చేతి తొడుగులో, మేజోడులో, చొక్కా మణికట్టులో ఇంకిన ద్రవం అక్కడే ఆవిరవుతూ చర్మానికి అంటిపెట్టుకుని వేడిని పీలుస్తుంది. నత్రజని విషయంలోనూ అరచేతి మీద దొర్లితే ఫరవాలేదు గాని, బూటులోకి కారితే దారుణమే. నూలు గ్లౌజు చేతికి రక్షణ అనుకుని వేసుకునేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ద్రవ గ్యాసు విషయంలో తడిసే గ్లౌజు ఉత్త చేతికన్నా ప్రమాదం.

ఇది ఎవరికి జరుగుతుంది? ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ లోపలివాళ్లకు శిక్షణ ఉంటుంది. వదులుగా, ఒక్క విదిలింపుతో ఊడిపోయే చలి గ్లౌజులుంటాయి, ముఖానికి అడ్డు ఉంటుంది. ప్యాంటును బూటులోకి దోపకుండా బూటు మీదుగా వదిలేయాలన్న నియమం ఉంటుంది, ద్రవం కారినా లోపలికి పోకుండా. ఆ గేటు దాటి బయటికొస్తే ఈ జాగ్రత్తలు పలచబడిపోతాయి. నాకు ఎక్కువ బెంగ పుట్టించేది గేటు బయటి జనమే.

ఫర్సాణ్ చిరుతిళ్ల అంగడి వెనకనో, పెళ్లి వంటల షామియానా కిందనో పెద్ద మంట మీద గంటల తరబడి వేపుడు సాగుతుంది. గ్యాసు వడివడిగా ఖర్చవుతుంటే లోపలి ద్రవం అంతే వడిగా మరగాలి. దానికి కావలసిన వేడి ఉక్కు గోడల గుండా చాలినంత రాదు. సిలిండరు అడుగు భాగం చెమరుస్తుంది, ఆపైన తెల్లటి మంచు పడుతుంది, మంట తగ్గిపోతుంది. తేలిగ్గా మరిగే ప్రొపేన్ ముందు పోయి బ్యూటేన్ మిగలడం వల్ల ఇది ఇంకా ముదురుతుంది. అడుగున ఇంకా గ్యాసుందని వంటమనిషికి తెలుసు. అందుకే సిలిండరును పడుకోబెడతాడు, కొన్నిసార్లు తలకిందులు చేస్తాడు. నిలబెట్టిన సిలిండరు నుంచి ఆవిరి వస్తుంది. తలకిందులు చేస్తే వచ్చేది ద్రవం. ఆ క్షణంలో రెగ్యులేటరు బిగువు తప్పినా, పైపు జారినా ఆ చలి నేరుగా చేతి మీద పడుతుంది. పెద్ద హోటళ్లకు, కర్మాగారాలకు వెళ్లే కొన్ని సిలిండర్లలో ద్రవాన్నే బయటికి తీసే గొట్టం లోపల ఉంటుంది. వాటిని ఎల్‌ఓటీ సిలిండర్లంటారు, వేపరైజరు అనే పరికరంతో మాత్రమే వాడాలి. ఏది ఏదో తెలియనివాడు దాని వాల్వు తిప్పితే నిలబెట్టి ఉన్నా ద్రవమే వస్తుంది.

ఇంటింటికీ సిలిండర్లు మోసేవాళ్లది ఇంకో కథ. 14.2 కిలోల గ్యాసుకు ఉక్కు బరువు కలిపితే దాదాపు 30 కిలోలు. రోజంతా అవి భుజానికెత్తి, ఆటో ట్రాలీలో అడ్డంగా పేర్చి, మెట్లెక్కించి తిరుగుతారు. వాల్వులోని చిన్న రబ్బరు వాషరు చిరిగితే లీకు మొదలవుతుంది, బండిలో సిలిండరు అడ్డంగా ఉంటే కారేది ద్రవం. బుసకొట్టే వాల్వును బొటనవేలితో అదిమి పట్టడం మనిషి సహజంగా చేసే పని. అదే ఇక్కడ చేయకూడని పని.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒక సిలిండరులోంచి ఇంకో సిలిండరులోకి గ్యాసు దించడం. పెద్దదాన్ని తలకిందులుగా వేలాడదీసి, చిన్నదాన్ని కింద పెట్టి, పైపు తగిలించి ద్రవాన్ని దింపుతారు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాలు దీన్ని నిషేధించాయి. అయినా వలస కూలీలు కిక్కిరిసి ఉండే పారిశ్రామిక నగరాల్లో ఇది ఆగలేదు, ఎందుకంటే అద్దె గదిలో ఉండేవాడికి చాలా ఏళ్లు కనెక్షను దొరకలేదు. చిరునామా రుజువు లేకుండా కొనుక్కోగల 5 కిలోల సిలిండరు 2013లో గాని రాలేదు. ఇండియన్ ఆయిల్ దానికే 2020లో ఛోటూ అని పేరు పెట్టింది. రెండు కిలోల గ్యాసు కోసం సందు చివరి దుకాణానికి వెళ్లేవాడిని దొంగగా చూడడం నాకు చేతకాదు. కాని ఆ పైపు ఊడే క్షణంలో అక్కడ చేతులు పెట్టేది ఎక్కువగా పిల్లవాడో, జీతగాడో. ప్రమాదం జరిగితే చట్టానికి భయపడి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోరు.

ఇప్పుడు చర్మం కింద ఏమవుతుందో చూద్దాం. మన మాంసంలో నూటికి 70 పాళ్లు నీరే. అందులో లవణాలుంటాయి కాబట్టి సున్నాకు అర డిగ్రీ కింద గడ్డకడుతుంది. నెమ్మదిగా చల్లబడినప్పుడు మంచు స్ఫటికాలు మొదట కణాల నడుమ ఖాళీల్లో పుడతాయి. నీరు మంచుగా మారేకొద్దీ మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపితే ముక్కల్లోని నీరు బయటికి ఊరి, ముక్కలు ముడుచుకుపోతాయి కదా, కణాలకు పట్టే గతీ అదే. ద్రవ గ్యాసు పడినప్పటిలా చలి హఠాత్తుగా వచ్చిపడితే కణాల లోపలా స్ఫటికాలు పుట్టి పొరలను చీల్చుతాయి. ఇది మొదటి దెబ్బ. రెండోది కరిగాక వస్తుంది. సన్నని రక్తనాళాల లోపలి పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. రక్తం తిరిగి పారగానే ఆ పొర మీద చిన్న చిన్న గడ్డలు పేరుకుంటాయి, వాపు వస్తుంది, ఒక్కో నాళం మూసుకుపోతుంది. చలికి బతికి బయటపడిన కణాలు రక్తం అందక చస్తాయి. మంచుకాటు అనే మన మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. పాముకాటులాగే కాటు వేసిన తర్వాత లోపల పని సాగుతూనే ఉంటుంది.

ఈ గాయంలో అన్నిటికన్నా మోసకరమైనది నొప్పి లేకపోవడం. నిప్పంటుకుంటే అరుస్తాం. చర్మం 10 డిగ్రీల దగ్గరికి చల్లబడేసరికి నరాలు మూగబోతాయి. చురుక్కుమన్నది కాస్తా ఆగిపోతుంది. మచ్చ మైనంలా పాలిపోయి, ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. పుస్తకాల్లో తెల్లగా మారుతుందని రాస్తారు. మన నలుపు, చామనఛాయ చర్మాల మీద అది బూడిద రంగులో కనబడవచ్చు. ఏమీ కాలేదనుకుని మనిషి మళ్లీ బరువెత్తుతాడు. కరిగాక మంట, వాపు, పొక్కులు మొదలవుతాయి. పొక్కుల్లో తేటనీరుంటే గాయం పైపైన ఉందని ఆశ పడవచ్చు. నెత్తురు నీరుంటే లోతుగా దిగిందని అర్థం.

దీనికి ఏం చేయాలన్న విషయంలో వైద్యలోకమే చాలాకాలం పొరపాటు పడింది. 1812లో నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనక్కి వస్తున్నప్పుడు వెంట ఉన్న శస్త్రవైద్యుడు లారే వేలమంది సైనికుల చేతులు కాళ్లు గడ్డకట్టడం కళ్లారా చూశాడు. నెగడు దగ్గర కాళ్లు కాచుకున్నవాళ్లకే ఎక్కువగా కుళ్లు పట్టింది. వేడే ముప్పు అని అతను తేల్చాడు. గడ్డకట్టిన చోట మంచుతో రుద్దమన్నాడు. చూసింది నిజమే, తీసిన అర్థం తప్పు. మొద్దుబారిన కాలికి నెగడు సెగ తెలియక అది కాలిపోయింది. తెల్లారి మళ్లీ మంచులో నడిచేసరికి కరిగినది తిరిగి గడ్డకట్టింది. ఆ రెండూ కలిసి కాళ్లు తీశాయి. కాని అంతటి అనుభవజ్ఞుడి మాట కావడంతో మంచుతో రుద్దే పద్ధతి వందేళ్లకు పైగా నిలిచిపోయింది. 1960 ప్రాంతంలో అలాస్కాలో విలియం మిల్స్ అనే వైద్యుడు గోరువెచ్చని నీటిలో త్వరగా కరిగిస్తే వేళ్లు దక్కుతాయని తన రోగుల మీద చూపించాకే చికిత్స మారింది.

సూరత్‌లో మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేదు. కాబట్టి కరిగించడానికి ఆగాల్సిన పనీ లేదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. మనకందరికీ తెలిసిన కాలిన గాయపు సూత్రం చల్లటి నీళ్లు పొయ్యడం. గ్యాసు గాయం అనగానే చేతులు అలవాటుగా మంచుగడ్డ కోసం వెతుకుతాయి. ద్రవ గ్యాసు గాయానికి మంచుగడ్డ పెట్టడమంటే గాయానికి గాయం కలపడమే.

మొదట గ్యాసు లేని చోటికి జరగాలి. బట్టల్లో ఇంకిన గ్యాసు ఇంకా అంటుకోగలదు, కాబట్టి అగ్గిపుల్ల, స్విచ్చు, స్టవ్వు జోలికి పోకూడదు. గాయానికి వేడి కావాలి కదా అని అక్కడే స్టవ్వు వెలిగించిన మనిషికి రెండు గాయాలు మిగులుతాయి. ఉంగరం, వాచీ, చేతికి కట్టుకున్న తాడు వాపు రాకముందే తీసెయ్యాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను పీకకూడదు, పీకితే చర్మం దానితో వస్తుంది. నీళ్లతో తడిపి వదులయ్యే దాకా ఆగాలి. తర్వాత గోరువెచ్చని నీటిలో గాయాన్ని 15 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. నీళ్లు చల్లారుతుంటే మార్చాలి. చర్మం మెత్తబడి ఎరుపు తిరిగేదాకా అలా చేయాలి. వైద్యులు చెప్పే వేడి 37 నుంచి 39 డిగ్రీలు. కార్మికుడి గదిలో థర్మామీటరు ఎక్కడుంటుంది? అక్కర్లేదు. పసిబిడ్డకు పోసే నీళ్లను మన అమ్మలు మోచేత్తో చూసినట్టు చూస్తే చాలు. చూడాల్సింది మాత్రం దెబ్బ తగలనివాళ్లు, మొద్దుబారిన చేతికి మరిగే నీళ్లు కూడా హాయిగానే అనిపిస్తాయి. కరుగుతున్నప్పుడు నొప్పి తీవ్రంగా వస్తుంది, భయపడి నీళ్లలోంచి తీయకూడదు.

రుద్దకూడదు. పొక్కులు చిదపకూడదు. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకూడదు. వేళ్ల మధ్య పొడి గుడ్డ పెట్టి వదులుగా కప్పాలి. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను బిగిస్తాయి, గాయం మానేదాకా ముట్టకపోవడం మంచిది. కంట్లో పడితే గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిలో చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. గ్యాసుతో కాలిందంటే డాక్టరు నిప్పు గాయమనుకుంటారు. ద్రవ గ్యాసు పడి గడ్డకట్టిందని చెప్పాలి. సూరత్‌లో న్యూ సివిల్ హాస్పిటల్, స్మిమేర్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. కాని ఉష్ణదేశపు వైద్యుడికి మంచుకాటు రోజూ ఎదురయ్యేది కాదు. ఆ ఒక్క మాట ఆయనకు దారి చూపిస్తుంది. లోతైన గాయంలో రక్తపు గడ్డలు కరిగించే మందు వాడతారు, అది 24 గంటల లోపు పడాలి. నాళాలను తెరిచే ఇలోప్రోస్ట్‌కు అమెరికా ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో తీవ్రమైన మంచుకాటు చికిత్స కోసం అనుమతి ఇచ్చింది. నల్లబడిన వేలిని వెంటనే కోసెయ్యరు. ఏది బతికిందో, ఏది చచ్చిందో తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కూలికి పోతేనే పూట గడిచే మనిషికి ఆ నెలల మాట వేలు పోవడమంత కష్టంగా వినబడుతుంది. పనిలో తగిలిన గాయానికి పరిహారం ఇవ్వాలని చట్టం చెబుతోంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఈఎస్‌ఐ వర్తిస్తుంది. గాయం తగిలిన రోజే రాతపూర్వకంగా నమోదైతే ఈ హక్కులు చేతికందడం సులువవుతుంది. చిన్న మచ్చే కదా అని వదిలేస్తే, వారం తర్వాత నల్లబడిన వేలు పనిలోనే దెబ్బతిందని రుజువు చేయడం కష్టం.

ఈ పుస్తకం చదివే మీ ఇంటికి నెలకో, రెండు నెలలకో ఒక మనిషి సిలిండరు మోసుకొస్తాడు. వాల్వు చెక్ చేసి చూపించమని అడగడం మీ హక్కు. ఆ పూట మరో రెండు నిమిషాలు ఆపి, లీకయ్యే వాల్వును వేలితో అదమవద్దని, ద్రవం పడితే మంచు కాకుండా గోరువెచ్చని నీళ్లు కావాలని అతనికి చెప్పండి. గ్యాసు లీకు కనిపిస్తే ఫోను చేయాల్సిన నంబరు 1906. రాత్రీ పగలూ పనిచేస్తుంది.